డైరీలో చింపేసిన ఏడు పేజీలు

మొన్న పాత పుస్తకాల పెట్టె సర్దుతుంటే నా 1985 డైరీ బయటపడింది. గోధుమరంగు రెక్సిన్ అట్ట. మూలల్లో రెక్సిన్ లేచిపోయి లోపలి అట్ట కనిపిస్తోంది, పేజీకి గుర్తుగా పెట్టుకునే రిబ్బను చివర పోగులు పోగులుగా విడిపోయింది. ఆ రిబ్బను ఎర్రగా ఉండేదని నాకు గుర్తు, ఇప్పుడు చూస్తే ఏ రంగో చెప్పడం కష్టం. చేతిలోకి తీసుకోగానే డైరీ తనంతట తనే మార్చి నెల దగ్గర తెరుచుకుంది. అక్కడ కుట్టు వదులైపోయింది, ఏడు పేజీలు లేవు మరి. వేలెడు వెడల్పు కూడా లేని మొదళ్లు మాత్రం కుట్టుని పట్టుకుని మిగిలాయి. గబగబా చింపినట్టున్నాను, అన్నీ ఒకలా చిరగలేదు, ఒకదానిమీద వాక్యం మొదట్లో "నే" అనే అక్షరం ఉండిపోయింది, ఇంకోదానిమీద "అమ్", మరోదానిమీద సగం "ఎ".

చింపింది నేనే, అది బాగా గుర్తుంది. ఏం రాశానన్నది మాత్రం, మా అన్నయ్య పైకి చదివిన రెండు వాక్యాలు తప్ప, ఒక్క ముక్క గుర్తులేదు.

ఆ డైరీ నాన్నకి ఆఫీసులో ఇచ్చారు. ఆయనకి రెండు వచ్చాయి, ఒకటి నా చేతిలో పెట్టి "రోజూ రాయి, దస్తూరీ బాగుపడుతుంది" అన్నారు. నాకు పదిహేనేళ్లు. జనవరి అంతా "ఆరింటికి లేచాను. లెక్కల పరీక్ష బాగానే రాశాను" లాంటి వాక్యాలే. తేదీ వేసి ఉన్న పేజీ ఖాళీగా మిగిలితే ఏదో తప్పు చేసినట్టు టెన్షన్, అందుకని అక్షరాలు పెద్దవి చేసి, గీతకీ గీతకీ మధ్య ఒక గీత వదిలేసి రాసేదాన్ని. ఫిబ్రవరిలో ఎప్పుడో చేయి మారింది. అక్షరాలు చిన్నవయ్యాయి, పేజీ చాలక మార్జిన్లోకి ఎక్కాయి, నిలువుగా తిరిగాయి. ఎవరి మీదో కోపం, ఎవరి మీదో ఇష్టం, ఫలానా ఆవిడ నవ్వు దొంగ నవ్వు, ఇలాంటివి. ఏమీ జరగని రోజున కూడా రెండు పేజీలు రాయొచ్చని అప్పుడే తెలిసింది నాకు.

మార్చి మూడో వారంలో అన్నయ్యకి దొరికింది. అందరం భోజనానికి కూర్చున్నాం, వాడు డైరీ తెరిచి గొంతు మార్చి వార్తలు చదివినట్టు చదివాడు. రెండే వాక్యాలు. మా టీచరు నడక గురించి ఒకటి, నా స్నేహితురాలు నాకు ద్రోహం చేసిందని ఇంకొకటి. "ద్రోహం" అన్న మాటకి అందరూ నవ్వారు, అమ్మ కూడా నవ్వింది. నేను లాక్కుని లోపలికి పోయి, అప్పటిదాకా రాసినవాటిలో నావి అనిపించిన పేజీలన్నీ చింపేశాను. జనవరి పేజీలు వదిలేశాను, వాటిలో దాచుకోవాల్సిందేమీ లేదు కాబట్టి. ఇప్పుడు నాకు మిగిలింది ఆ పనికిరాని జనవరే!

ఆ తర్వాత రాయడం మానలేదు గానీ, అదొక వింత రాత. ఏప్రిల్ నుంచీ రాసినవన్నీ దొంగతనంగా చదివేవాడి కోసమే రాశాను. "ఇది చదువుతున్నవాళ్లకి సిగ్గుండాలి" అని మొదలుపెట్టి, ఉదాత్తమైన ఆలోచనలు, వర్షం మీద కవిత్వం. చాలా ఏళ్ల తర్వాత అమెరికన్ రచయిత్రి సూసన్ సాంటాగ్ డైరీలు చదివితే, వేరేవాళ్లు చాటుగా చదవడమే డైరీకున్న ముఖ్యమైన సామాజిక ప్రయోజనాల్లో ఒకటని ఆవిడ 1957లోనే రాసుకుని ఉంది. ఎవరి గురించైతే మనం డైరీలో మాత్రమే నిజాయతీగా రాస్తామో వాళ్లే దాన్ని చదవడం. ఆ మాట రాసిన ఎంట్రీలోనే ఇంకో మాటా ఉంది: డైరీలో నేను నన్ను వెల్లడించుకోవడమే కాదు, నన్ను నేను తయారు చేసుకుంటున్నాను అని. నా ఏప్రిల్ నెల రాతలకి అది మంచి సమర్థన అనుకుని కాసేపు సంతోషించాను. మళ్లీ తిరగేసి చూస్తే, అంత తయారైందేమీ లేదనుకోండి.

అదే ఏడాది చివర్లో ఆన్ ఫ్రాంక్ డైరీ చదివాను. ఆ వయసులో ఆ పుస్తకం చదివిన ప్రతి అమ్మాయికీ అది తనకోసమే రాసినట్టు ఉంటుంది. పదమూడో పుట్టినరోజుకి, 1942 జూన్ 12న, ఎరుపూ తెలుపూ గళ్ల అట్టతో ఒక పుస్తకం కానుకగా వస్తుంది, మూడు వారాలు తిరిగేసరికి కుటుంబమంతా నాజీలకి దొరక్కుండా దాక్కోవాల్సి వస్తుంది. అప్పుడు నేను చదివిందల్లా ఒక అమ్మాయి మనసు విప్పి చెప్పుకుంటోందని. తడుముకోకుండా, దిద్దుకోకుండా, వచ్చింది వచ్చినట్టు రాసేసిందని. అందరూ అలాగే చెప్పేవారు కూడా.

అదెంత పొరపాటో తెలియడానికి నాకు ఇంకో పదిహేనేళ్లు పట్టింది. 1944 మార్చి 28 రాత్రి లండన్ నుంచి వచ్చిన రేడియో ప్రసంగంలో, ప్రవాసంలో ఉన్న డచ్చి ప్రభుత్వ మంత్రి ఒకాయన, యుద్ధం అయ్యాక మామూలు మనుషుల డైరీలూ ఉత్తరాలూ సేకరించాలని అన్నాడు. ఆన్ అది విన్నది. మే 20 నుంచి తన డైరీని మొదటినుంచీ తిరగరాయడం మొదలుపెట్టింది. విడి కాగితాల మీద, రెండు నెలల పైచిలుకులో, 215కి పైగా కాగితాలు. కొన్ని ఎంట్రీలు కలిపేసింది, కొన్ని తీసేసింది, ఒకప్పుడు తమతో పాటు దాక్కున్న కుర్రాడు పీటర్ మీద పొంగిపోయి రాసినవి చాలావరకు తగ్గించేసింది, మనుషులకి మారు పేర్లు ఆలోచించింది, పుస్తకానికి పేరు కూడా పెట్టుకుంది. ఆగస్టు 1న చివరి ఎంట్రీ, 4న పట్టుకుపోయారు. ఆ తిరగరాత పూర్తి కాలేదు. నేల మీద పడున్న కాగితాలు వాళ్లకి సాయం చేసిన మీప్ గీస్ ఏరి దాచింది, తండ్రి ఆటో ఫ్రాంక్ రెండు ప్రతులూ కలిపి, తనకి ఇబ్బందిగా అనిపించినవి కొన్ని తీసి, 1947లో పుస్తకం తెచ్చాడు.

అంటే మనం అమాయకపు పిల్ల గుండె చప్పుడు అనుకుని చదివిందాంట్లో పెద్ద భాగం, పదిహేనేళ్ల రచయిత్రి కూర్చుని ఎడిట్ చేసుకున్న ప్రతి. ఇది తెలిసినప్పుడు కొందరికి ఏదో మోసపోయినట్టు అనిపిస్తుందట. నాకైతే పట్టలేనంత సంతోషం వేసింది. ఆడపిల్ల రాస్తే అది కారిపోయిన కన్నీరు, మగవాడు రాస్తే కట్టిన ఇల్లు అన్నట్టు మాట్లాడతారు కదా, అది నాకెప్పుడూ మంట. ఆన్ ఇల్లు కడుతోంది. పై కప్పు వేయనివ్వలేదు, అంతే.

ఇంకో సంగతి ఉంది, నా చింపిన పేజీలకి దగ్గరి చుట్టం లాంటిది. ఆ గళ్ల డైరీలో రెండు పేజీల మీద ఆన్ గోధుమరంగు కాగితం అంటించి కప్పేసింది. 2018లో పరిశోధకులు ఆ పేజీల వెనకనుంచి వెలుగు పంపి ఫొటోలు తీసి, కంప్యూటర్లో విడదీసి చదివారు. చూస్తే ఏముంది, కొన్ని బూతు జోకులు, లైంగిక విషయాల గురించి ముప్ఫయ్యో ఎన్నో వాక్యాలు. ప్రపంచమంతా వార్త అయింది. చదివి నేనూ నవ్వాను, వెంటనే అన్నయ్య గొంతు గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. ఆ పిల్ల కప్పుకున్నదాన్ని విప్పి చదివాం కదా మనం, భోజనాల దగ్గర కూర్చుని. అయినా చదవకుండా ఉండగలిగేదాన్నా? ఉండలేను.

సరే, ఇక్కడ ఆగితే డైరీ అంటే ఏదో ఈ కాలపు సంగతి అనిపిస్తుంది. నాకు ఆశ్చర్యంతో మతిపోయింది మాత్రం జపాను వాళ్లని చదివినప్పుడే. వెయ్యేళ్ల కిందట అక్కడ మగవాళ్లు డైరీలు రాసేది చైనీస్‌లో, రాజకార్యాలూ తేదీలూ. ఆడవాళ్లది కనా లిపి, మాట్లాడే భాషకి దగ్గరగా ఉండేది. 935 ప్రాంతంలో కి నో త్సురయుకి అనే ఆయన ఒక ప్రయాణం డైరీ రాస్తూ, మగవాళ్లు రాస్తారట కదా డైరీ అనేది, ఆడదాన్ని నేనూ రాసి చూస్తాను అని మొదలుపెట్టాడు! కూతురు పోయిన బాధ ఆ పుస్తకంలో ఉంది. ఆ బాధ చెప్పుకోవడానికి రాజోద్యోగి భాష చాలక ఆడవేషం కట్టాడని నాకనిపిస్తుంది. ఆడవాళ్లు మగ పేర్లతో రాసిన కథలు బోలెడు విన్నాం గానీ, ఇది తిరగబడ్డ వేషం.

తర్వాత అసలు ఆడవాళ్లే రాశారు. ఒకావిడ, పేరు మనకి తెలియదు, చరిత్రలో ఆవిడ "మిచిత్సునా తల్లి" మాత్రమే. గొప్ప పదవిలో ఉన్న భర్త, ఆయనకి చాలామంది భార్యలు, ఈవిడ ఇంటికి రావడం తగ్గించేశాడు. 954 నుంచి 974 దాకా ఇరవై ఏళ్ల కాపురం గురించి రాసింది. మొదట్లోనే ఒక మాట అంటుంది: లోకంలో చలామణీలో ఉన్న పాత కథలు చూస్తే అన్నీ కట్టుకథలే, మరి నాలాంటి మామూలు మనిషి బతుకు రాస్తే అదే కొత్తగా ఉంటుందేమో అని. ఈ మాట దగ్గర నేను పుస్తకం మూసి పెట్టి కాసేపు అలా ఉండిపోయాను. మగడు రాని రాత్రి వాకిట బండి చప్పుడు వినిపిస్తే ఎదురు చూడటం, అది ముందుకు సాగిపోతే చెవులు మూసుకోవాలనిపించడం, ఇదంతా సాహిత్యానికి పనికొచ్చే సరుకేనని పదో శతాబ్దంలో ఒక మనిషి తేల్చేసుకుంది. ఎవర్ని అడిగింది? ఎవర్నీ అడగలేదు. ఆ డైరీ ఏడాది ఆఖరి రాత్రి, బాగా పొద్దుపోయాక తలుపు తట్టిన చప్పుడుతో ఆగిపోతుంది. వచ్చింది ఎవరో లేదు. అక్కడితో అయిపోయింది.

ఆవిడ చెల్లెలి కూతురు ఇంకా ముద్దొస్తుంది. ఆమె పేరూ లేదు, "తకసుయే కూతురు". 1008లో పుట్టింది. రాజధానికి దూరంగా పెరుగుతూ, సవతి తల్లీ అక్కా చెప్పే గెంజి అనే పెద్ద నవల ముక్కలు వింటూ, మొత్తం పుస్తకం చదివేలా చేయమని తన ఎత్తున బుద్ధుడి విగ్రహం చేయించుకుని చాటుగా మొక్కుకునేది. తర్వాత రాజధానికి వచ్చాక ఒక పిన్ని వరసావిడ యాభై పైచిలుకు సంపుటాలు పెట్టెలో పెట్టి ఇచ్చింది. పగలంతా, రాత్రి దీపం పక్కన పెట్టుకుని చదువుతూనే ఉంది. రాణీ పదవి ఇచ్చినా దీని ముందు ఎందుకు అంటుంది. ముసలితనంలో రాసింది ఇదంతా, కథల పిచ్చిలో పడి పూజలు మానేసి బతుకు పాడుచేసుకున్నానని బాధపడుతూ. ఆ పశ్చాత్తాపాన్ని నేను నమ్మను. పశ్చాత్తాపపడేవాళ్లు ఆ పుస్తకాల పెట్టెని అంత ముచ్చటగా వర్ణించరు.

గెంజి రాసిన మురసకి షికిబుకి కూడా ఒక డైరీ ఉంది. అన్నదమ్ముడు చైనీస్ పాఠం తంటాలు పడుతుంటే పక్కన కూర్చున్న ఈవిడకి ముందే వచ్చేసేదట, తండ్రి, ఇది మగపిల్లాడై పుడితే ఎంత బాగుండేది అని నిట్టూర్చేవాడట. పెద్దయ్యాక, తెరల మీద రాసినవి కూడా చదవడం రానట్టు నటించేదాన్ని అని రాసుకుంది. రాణిగారికి మాత్రం చాటుగా చైనీస్ కవిత్వం పాఠం చెప్పింది. ఎంత దాపరికమో చూడండి, అక్షరం వచ్చని కూడా డైరీలోనే చెప్పుకోవాలి.

ఇంగ్లీషు కవి విలియం చెల్లెలు డొరతీ వర్డ్స్‌వర్త్ గురించి ఎక్కువ చెప్పను, దాని మీద నాకు ఒకప్పుడున్నంత కోపం ఇప్పుడు లేదు. 1802 ఏప్రిల్ 15న అన్నాచెల్లెళ్లు ఇద్దరూ నడుస్తూ చెరువొడ్డున డాఫొడిల్ పూలు చూశారు. ఆ రోజు ఎంట్రీలో ఆ పూలు ఊగినట్టు, నవ్వినట్టు, నాట్యం చేసినట్టు ఆవిడ రాసింది. అన్నగారి పద్యం ఆ తర్వాత వచ్చింది, 1807లో అచ్చయింది, అందులో ఆయన మేఘంలా ఒంటరిగా తిరిగాడు! పక్కనే చెల్లెలు ఉంది మహాప్రభో అని అరవాలనిపించేది. కానీ డైరీ మొదట్లోనే ఆవిడ, ఇది అన్నయ్య సంతోషం కోసం రాస్తున్నానని చెప్పుకుంది. ఇచ్చేవాళ్లు ఇష్టంగా ఇచ్చినప్పుడు మధ్యలో నేనెవర్ని అనిపిస్తుంది. పూర్తిగా అనిపించదు, కొంచెం.

నా డైరీల సంగతికొస్తే, కాలేజీలో ఉత్సాహంగా రాశాను, ఉద్యోగంలో చేరాక వారానికోసారి, పిల్లలు పుట్టాక ఆరేళ్లపాటు ఏమీ లేదు. సరిగ్గా ఆ ఆరేళ్లలోనే ఇంగ్లీషు నవలా రచయిత్రి వర్జీనియా వూల్ఫ్ డైరీలు చదివాను, అయిదు సంపుటాలు, ఎక్కువ భాగం రాత్రి పిల్లల్ని నిద్రపుచ్చుతూ ఒక చేత్తో పట్టుకుని. నేను రాయలేకపోతున్నాను కాబట్టి ఇంకొకరి రోజులు చదువుతూ బతికానేమో. 1915లో మొదలుపెట్టి, మధ్యలో ఒక జబ్బుతో ఆగి, మళ్లీ అందుకుని 1941లో చనిపోయే నాలుగు రోజుల ముందుదాకా రాసింది. ఇది రాతల కింద లెక్కలోకి రాదు అని ఒకచోట తనే అంటుంది, మళ్లీ అదే నోటితో, ఆగి ఆలోచించి ఉంటే ఈ వజ్రాలు చెత్తకుప్పలో దొరికేవి కావు అన్న అర్థం వచ్చేలా మాట్లాడుతుంది. లోతైన పాత రాతబల్లలా ఉండాలట డైరీ. చూసుకోకుండా అడ్డమైనవీ పడేసి, ఒకటి రెండేళ్లయ్యాక తీసి చూస్తే అవి వాటంతటవే సర్దుకుని ఉండాలట.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఆవిడ పెట్టుకున్న పాఠకురాలు. 1919లో, ముప్ఫయ్యారేళ్లప్పుడు, యాభయ్యేళ్ల వర్జీనియా ఈ పుస్తకాలు ముందేసుకుని జ్ఞాపకాలు రాయడానికి కూర్చుంటుంది కదా, ఆవిడ కోసం ఇది రాస్తున్నాను అంటుంది. మరుసటి ఏడాది మార్చిలో, కళ్లజోడు పెట్టుకుని ఇది చదివే ముసలి వర్జీనియా నన్ను రాస్తూ ఉండమనే అంటుంది అని రాసుకుంటుంది. నా పదిహేనో ఏట నేను రాసింది దొంగచాటు చదువరి కోసం. ముసలి నేను ఒకతి వస్తుందని, దానికి ఆ పేజీలు కావాలని నాకు తట్టలేదు. పదిహేనేళ్లకి ఎవరికి తడుతుంది లెండి.

అమెరికన్ కవయిత్రి సిల్వియా ప్లాత్ తన డైరీలో ఒకచోట వూల్ఫ్ డైరీ చదువుతూ కనిపిస్తుంది. కథ తిప్పిపంపారన్న దిగులుని వూల్ఫ్ వంటగది శుభ్రం చేసి పోగొట్టుకుంటుంది, చేపలు వండుతుంది, అది చదివి ప్లాత్ చల్లగా ఉండాలి తల్లి అన్నట్టు దీవిస్తుంది. ఆ ముక్క చదువుతున్నప్పుడు నా భుజం మీద చిన్నది నిద్రపోయింది, చెయ్యి తిమ్మిరెక్కింది, అయినా కదపలేదు. నేను ప్లాత్‌ని చదువుతున్నాను, ప్లాత్ వూల్ఫ్‌ని చదువుతోంది, ముగ్గురం వంటగదికి వెళ్లాల్సినవాళ్లమే.

ఆ ప్లాత్ చివరి డైరీ మాత్రం మనకి లేదు. 1963లో ఆవిడ చనిపోయాక, ఆఖరి నెలల నోట్‌బుక్‌ని తనే నాశనం చేశానని, పిల్లలు అది చదవడం ఇష్టం లేకనని, 1982లో ఆవిడ భర్త టెడ్ హ్యూస్ ఆ డైరీల ముందుమాటలో చెప్పాడు. ఇంకొకటి కనిపించకుండా పోయిందన్నాడు. తండ్రిగా ఆయన బాధ అర్థం చేసుకోవచ్చని వాదించేవాళ్లున్నారు. నేను ఆ వాదన చాలాసార్లు విన్నాను, ప్రతిసారీ తలూపాను, ప్రతిసారీ ఇంటికొచ్చాక ఒప్పుకోలేకపోయాను.

కాల్చేవాళ్లూ ఉన్నారు, కాల్చమంటే కాల్చనివాళ్లూ ఉన్నారు. న్యూజీలాండ్ కథా రచయిత్రి కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ 1923లో ముప్ఫై నాలుగేళ్లకే క్షయతో పోయింది. వీలైనంత తక్కువ అచ్చెయ్యి, వీలైనంత ఎక్కువ చింపి కాల్చెయ్యి అని వీలునామాలో భర్తని కోరింది. ఆయన, మిడిల్టన్ మరీ, 1927లో ఆమె "జర్నల్" అని ఒక పుస్తకం వేశాడు. చదివితే ఒకే డైరీ, తేదీల వరసలో, లలితంగా ప్రవహిస్తుంది. చాలా ఏళ్ల తర్వాత అసలు కాగితాలు పూర్తిగా అచ్చయితే తెలిసిందేమిటంటే అలాంటి డైరీ ఏదీ లేదు. లెక్కలు, పంపని ఉత్తరాలు, కథల మొదళ్లు, ఎక్కడెక్కడి ముక్కలో తెచ్చి ఆయనే ఒక దండ గుచ్చాడు. ఆయన కాల్చనందుకు దండం పెట్టాలా, గుచ్చినందుకు తిట్టాలా, నాకు ఇప్పటికీ తేలలేదు. మాన్స్‌ఫీల్డ్ కూడా తక్కువది కాదు, తొలినాళ్ల డైరీలు చాలా తనే నాశనం చేసుకుంది. అది తెలిసినప్పుడు మాత్రం నా ఏడు పేజీలకి కొంచెం గౌరవం వచ్చినట్టనిపించింది.

ఆలిస్ జేమ్స్ కథ ఇంకో రకం. ఒక అన్న పేరుమోసిన నవలాకారుడు, ఇంకో అన్న పేరుమోసిన మనస్తత్వ శాస్త్రవేత్త, ఈవిడ జీవితమంతా మంచం పట్టిన మనిషి. 1889లో, నలభయ్యో ఏట డైరీ మొదలుపెట్టింది. తర్వాత రొమ్ము క్యాన్సర్ అని తేలింది. చెయ్యి ఆడకపోతే స్నేహితురాలికి చెప్పి రాయించింది. 1892 మార్చి 4న చివరి ఎంట్రీ, 6న చనిపోయింది. మధ్యలో ఆ ఒక్క రోజూ కూడా మనసులో వాక్యాలు కూర్చుకుంటూనే ఉందట, మార్చి 4 ఎంట్రీలో ఒక వాక్యం దిద్దమని చెప్పిందట. ప్రాణం పోతూ వాక్యం దిద్దుకున్న మనిషి రాసిందాన్ని ఇంకా "ఆంతరంగిక వ్యథ" అని పిలుస్తామా? స్నేహితురాలు 1894లో నాలుగంటే నాలుగు కాపీలు అచ్చేయించింది. నవలాకారుడైన అన్న దాన్ని తెగ మెచ్చుకున్నాడు, బయటపెట్టొద్దన్నాడు, తన కాపీ కాల్చేశాడంటారు. లోకానికి అది 1934లో గానీ అందలేదు.

వీళ్లందరికీ కనీసం కాగితం ఉంది. బ్రెజిల్‌లో సావో పాలో మురికివాడలో కరోలినా మరియా ద జెసూస్ చెత్తలో కాగితాలు ఏరి అమ్ముకుని ముగ్గురు పిల్లల్ని సాకేది, ఆ చెత్తలో దొరికిన నోట్‌బుక్కుల్లో ఖాళీ పేజీలు చూసి డైరీ రాసేది. చదువు రెండేళ్లే. 1955 జూలై 15న మొదటి ఎంట్రీ: ఇవాళ నా కూతురి పుట్టినరోజు, దానికి చెప్పుల జత కొందామనుకున్నాను, తిండి ధరలు కొననివ్వలేదు, చెత్తలో ఒక జత దొరికితే కడిగి, అతుకు వేసి ఇచ్చాను. అంతే. ఎన్ని పుస్తకాలు చదివినా ఆ మొదలుకి సాటి వచ్చే మొదలు నాకు దొరకలేదు. 1958లో ఒక జర్నలిస్టు అక్కడికి వెళ్తే, పిల్లల ఆటస్థలంలో అల్లరి చేస్తున్న పెద్దవాళ్ల మీద ఆవిడ అరుస్తోందట, మీ పేర్లన్నీ నా పుస్తకంలో రాస్తాను అని. ఏ పుస్తకం అని అడిగాడు ఆయన. 1960లో అచ్చయి, దేశదేశాల్లో అమ్ముడుపోయింది. ఇరుగుపొరుగు రాళ్లు విసిరారు, తమ గురించి రాసినందుకు. డైరీని చేతికర్రలా ఝళిపించిన మనిషి ఈవిడొక్కతే నాకు తెలిసి. మా టీచరు నడక గురించి రాసుకున్నందుకే సిగ్గుతో చచ్చిపోయినదాన్ని నేను.

పెట్టె సర్దడం ఆపేసి, ఆ రోజు సాయంత్రం అన్నయ్యకి ఫోన్ చేశాను. ఎప్పటిదో పాత డైరీ దొరికిందిరా అంటే "ఏ డైరీ?" అన్నాడు. భోజనాల దగ్గర చదివావు కదా అన్నాను. గుర్తులేదన్నాడు. ముప్పై తొమ్మిదేళ్ల నా అవమానం వాడికి గుర్తే లేదు! కాసేపు పిల్లల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. పెట్టేసేముందు ఉన్నట్టుండి వాడే అన్నాడు, "అవును, అందులో అమ్మ గురించి రాశావు కదూ. అమ్మ నవ్వేటప్పుడు ముందు కళ్లు నవ్వుతాయి, తర్వాత ఎవరన్నా చూస్తున్నారేమోనని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది, అని. అది పైకి చదవలేదు నేను. అమ్మ అక్కడే ఉందని."

నేను అలాంటిది రాశానని నాకు తెలియదు. ఏ తేదీ అని అడిగాను, పిచ్చి ప్రశ్నే. తేదీ ఎవరు చూశారే అన్నాడు.

ఫోన్ పెట్టేసి కళ్లజోడు తెచ్చుకుని మళ్లీ డైరీ తీశాను. మూడో మొదలు మీద, పై నుంచి అయిదో గీత దగ్గర, "అమ్". నీలం బాల్ పెన్, "మ్" దగ్గర కాగితం చిరిగింది. అదే వాక్యం అయుండొచ్చు. అమ్మ అన్నం పెట్టింది అని కూడా అయుండొచ్చు.